68 సాక్‌లు: తప్పు లైన్‌దేనా? అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్ 2024 సీజన్ మీద చర్చ

ఆరోరా శ్రీను | 2025 జనవరి 7

మొన్న ఆదివారం ప్యాకర్స్ సొంత మైదానం లాంబో ఫీల్డ్‌లో ఆఖరి క్షణంలో మన కిక్కర్ సాంటోస్ 51 గజాల కిక్ కొట్టగానే మా ఇంట్లో అందరం లేచి అరిచేశాం. 24-22. ప్యాకర్స్ మీద 2018 తర్వాత ఇదే మొదటి గెలుపు. ఆ ఆనందం రెండు రోజులుంది, ఈరోజు పొద్దున కూర్చుని సీజన్ మొత్తం మళ్ళీ చూసుకుంటే మనసు బరువెక్కింది. 4 గెలుపులు, 2 ఓటములతో మొదలై, వరసగా 10 మ్యాచ్‌లు ఓడి, చివరికి 5-12. మన క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరే ఆటగాడు, కేలబ్ విలియమ్స్ 68 సార్లు సాక్ అయ్యాడు, అంటే బంతి విసిరే లోపే ఎదుటివాళ్ళు అతన్ని పట్టి పడేశారు. లీగ్ చరిత్రలో ఒక క్వార్టర్‌బ్యాక్ ఒక సీజన్‌లో ఇంతకంటే ఎక్కువ పడింది రెండే సార్లు, డేవిడ్ కార్ 2002లో 76, రాండల్ కన్నింగ్‌హామ్ 1986లో 72. అదీ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే చోట, మొట్టమొదట తీసుకున్న కుర్రాడికి, మొదటి ఏడాదే.

ఎక్కడ చూసినా, అతన్ని కాపాడే ముందు వరస, అంటే లైన్‌లో ఉన్న "ఐదుగురినీ మార్చేయాలి" అనే మాటే. నాకు అది నచ్చడం లేదు. లైన్ బాగా ఆడిందని కాదు, బాగా ఆడలేదు. కానీ ఐదుగురూ ఒకేలా ఆడలేదు. చెడిపోయింది మధ్యలో. బంతి వెనక్కి అందించే సెంటర్, అతనికి అటూ ఇటూ ఉండే ఇద్దరు గార్డులు. చివర్లలో ఉన్న టాకిల్స్ ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నన్ని రోజులు లైన్ ఓ మాదిరిగా నిలబడింది, వాళ్ళు లేని రోజు కూలిపోయింది.

రైట్ టాకిల్ డార్నెల్ రైట్ 2023 డ్రాఫ్ట్‌లో 10వ పిక్ (ఎంపిక). నా లెక్కలో ఈ జట్టు లైన్‌లో వచ్చే ఐదేళ్ళూ కదపకూడని మనిషి అతనొక్కడే. లెఫ్ట్ టాకిల్ బ్రాక్స్టన్ జోన్స్ ఐదో రౌండ్‌లో సదరన్ యూటా నుంచి వచ్చాడు, ఆ స్థాయికి చాలా బాగా ఆడాడు, కానీ బలంగా మీదికి తోసుకొచ్చేవాళ్ళు అతన్ని వెనక్కి నెట్టి తీసుకెళ్ళి కేలబ్ ఒళ్ళో పడేస్తున్నారు. డిసెంబర్‌లో లయన్స్ మ్యాచ్‌లో చీలమండ విరిగింది పాపం. లెఫ్ట్ గార్డ్ టెవెన్ జెంకిన్స్ ఉన్నప్పుడు మంచి ఆటగాడే, కానీ నాలుగేళ్ళలో అతన్ని లైన్‌లో ఎన్ని చోట్ల తిప్పారో, ఎన్నిసార్లు గాయాలతో బయటికొచ్చాడో. సెంటర్ కోల్‌మన్ షెల్టన్‌ని ఒక్క ఏడాది కాంట్రాక్ట్ మీద తెచ్చారు. కష్టపడ్డాడు, దాదాపు సీజన్ అంతా నిలబడ్డాడు, అయితే పెద్ద నోస్ టాకిల్ (ఎదుటి జట్టులో నడిమధ్య నిలబడేవాడు) ఎదురైతే వెనక్కే. ఇక రైట్ గార్డ్. నేట్ డేవిస్‌ని 2023లో మూడేళ్ళకి 30 మిలియన్ డాలర్లకి తెచ్చి, ఈ నవంబర్‌లో వదిలేశారు. ఆ చోట మ్యాట్ ప్రయర్ ఆడాల్సొచ్చింది. బఫలో నుంచి తెచ్చుకున్న రయన్ బేట్స్ గాయాలతో అసలు నిలదొక్కుకోలేదు.

పేట్రియట్స్ మ్యాచ్ రోజు నేను స్టేడియంలోనే ఉన్నాను. పొద్దున్నే మా ఊరి బాలాజీ గుడికి వెళ్ళి, అక్కణ్ణుంచి మా పెద్దవాడిని తీసుకుని సోల్జర్ ఫీల్డ్‌కి వెళ్ళాం. టాకిల్స్ ఇద్దరూ లేరు. 9 సాక్‌లు. 19-3. మూడో క్వార్టర్ అయ్యేసరికి మావాడు "నాన్నా, అతనికి దెబ్బ తగులుతుందేమో" అన్నాడు, ఆట గురించి కాదు. ఆ మాట నాకింకా గుర్తుకొస్తూనే ఉంది.

మీ అంచనా చెప్పండి. ముఖ్యంగా ఇందులో లైన్ వాటా ఎంత?

---

సౌమ్య, షాంబర్గ్ | 2025 జనవరి 7

శ్రీను గారూ, పూర్తిగా ఒప్పుకోలేను. లైన్ బలహీనమే కానీ 68లో కేలబ్ వాటా పెద్దదే. బంతి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతాడు, ఎవరో ఒకరు ఖాళీ దొరుకుతారని ఎదురు చూస్తాడు. కాలేజీలో అలా తిరిగి అద్భుతాలు చేశాడు, ఇక్కడ ఆ ఒక్క క్షణం దొరకదు. రెండున్నర సెకన్లు కాపాడితే లైన్ పని అయినట్టే అనుకోండి, నాలుగో సెకనులో పడితే అది ఎవరి సాక్? లెక్కల్లో మాత్రం గార్డ్ మీద రాస్తారు.

ఇంకోటి. సీజన్ మొత్తంలో అతను ఇచ్చిన ఇంటర్‌సెప్షన్‌లు, అంటే ఎదుటివాళ్ళ చేతికి పోయిన పాస్‌లు, 6 మాత్రమే. ఆ తక్కువ అంకె వెనకాల కూడా ఈ సాక్‌లే ఉన్నాయి. అనుమానం ఉన్న చోట విసరడు, బయటికి కూడా పారేయడు, పట్టుకునే ఉంటాడు. బంతి పక్క గీత అవతలికి విసిరేయడం కూడా ఒక నైపుణ్యమే, అది అతనికి ఇంకా రాలేదు.

---

హ్యూస్టన్ రవి | 2025 జనవరి 7

పైన కార్ పేరు చూసి రాయకుండా ఉండలేకపోయాను. 2002లో నేను ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాను, మా ఊరి జట్టు టెక్సన్స్ కొత్తగా వచ్చిన సంవత్సరం. కొత్త జట్టు కోసం పెట్టిన డ్రాఫ్ట్‌లో మొదట తీసుకున్నది టోనీ బొసెల్లీని, ఆ రోజుల్లో గొప్ప లెఫ్ట్ టాకిల్. భుజం గాయాలతో ఒక్క ప్లే కూడా ఆడకుండానే ఆట మానేశాడు. ఆ ఒక్కడి మీద పెట్టుకున్న ప్లాన్ అంతా పోయి, డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అయిన కార్ 76 సార్లు పడ్డాడు. 2005లో మళ్ళీ 68. కేలబ్ ఇప్పుడు ఆ 68తోనే సమానం.

నేను చూసిన తేడా ఏంటంటే, రెండో మూడో ఏడాదికల్లా కార్ పాస్ అందుకునే రిసీవర్లని చూడడం మానేసి మీదికొచ్చేవాళ్ళని చూడడం మొదలుపెట్టాడు. కాళ్ళు వణికేవి. లైన్ బాగున్న రోజు కూడా ఆ భయం పోలేదు. సౌమ్య గారు చెప్పింది నిజమే, క్వార్టర్‌బ్యాక్ తప్పు ఉంటుంది, కానీ ఆ తప్పు మొదట ఎక్కడ పుట్టిందో చూడాలి. మీ కుర్రాడు ఇంకా కళ్ళు పైకెత్తే ఆడుతున్నాడు. అది పోకముందే ఏదో ఒకటి చేయండి.

---

లైన్‌మ్యాన్ నాన్న | 2025 జనవరి 8

మావాడు ఇక్కడ నేపర్‌విల్‌లో హైస్కూల్ జట్టుకి రైట్ గార్డ్. మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం రాత్రి వాడి కాళ్ళు చేతులు తప్ప నేనింకేమీ చూడలేదు, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

లైన్‌ని ఒక్కొక్కరిగా మార్కులు వేసి అంచనా వేయడం తప్పని నా అభిప్రాయం. మన కబడ్డీలో కార్నర్, కవర్ చేతులు పట్టుకుని రెయిడర్ మీదికి వస్తారు చూడండి, ఇద్దరిలో ఒకడు అర క్షణం ముందు చెయ్యి వదిలితే రెయిడర్ ఆ సందులోంచే వెళ్ళిపోతాడు. లైన్ కూడా అంతే. ఎదుటివాళ్ళు ట్విస్ట్ ఆడినప్పుడు, అంటే చివర ఉన్నవాడు లోపలికి దూరి, లోపలివాడు వాడి వెనకనుంచి చుట్టి బయటికొచ్చినప్పుడు, మన టాకిల్ తన మనిషిని గార్డ్‌కి అప్పజెప్పి, గార్డ్ దగ్గరున్నవాణ్ణి తను తీసుకోవాలి. అప్పుడు నోటితో చెప్పుకునే టైమ్ ఉండదు. పక్కవాడి భుజం ఎటు తిరిగిందో ఒంటికి తెలిసిపోవాలి. అది వందలసార్లు ఒకడి పక్కన ఒకడు ఆడితేనే వస్తుంది. బేర్స్‌లో రైట్ గార్డ్ మారాడు, టాకిల్స్ మారారు, జెంకిన్స్ వచ్చాడు వెళ్ళాడు. ఆ ఒప్పందం కుదిరే లోపలే ఎవరో ఒకరు బయటికెళ్ళారు. పేట్రియట్స్, 49ఎర్స్ మ్యాచ్‌ల్లో పడిన సాక్‌లు మళ్ళీ చూడండి, ఎవరూ ఓడిపోనక్కర్లేకుండానే మనిషి ఖాళీగా లోపలికొచ్చేస్తున్నాడు. తోసుకుని రావడం కాదు, నడిచి వచ్చేస్తున్నాడు. అది బలం లేక జరిగేది కాదు, ఎవరు ఎవరిని పట్టుకోవాలో తెలియక జరిగేది.

తెలియక అంటే అది కోచ్‌ల పని.

మావాడి కోచ్ ఒక మాట చెబుతాడు, బ్లాక్ పోయిన వెంటనే ఆటగాడి మొహం చూడమని. వాడు నేల చూస్తే ఓడిపోయాడని, పక్కవాణ్ణి చూస్తే ప్లాన్ తెలియలేదని. ఈ సీజన్‌లో మనవాళ్ళు పక్కవాణ్ణి చూడడమే ఎక్కువ కనిపించింది నాకు.

---

బెజవాడ నైట్ షిఫ్ట్ | 2025 జనవరి 8

అన్నా, నేను విజయవాడ నుంచి. మీ మధ్యాహ్నం 12 గంటల మ్యాచ్ మాకు రాత్రి పదకొండున్నరకి వస్తుంది, రెండేళ్ళ నుంచి చూస్తున్నా కానీ లైన్ సంగతి ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. స్నాప్‌కి (బంతి వెనక్కి అందించడానికి) ముందు సెంటర్ వేలు పెట్టి ఎవరినో చూపిస్తాడు కదా, అది ఏంటి? ఎవరు ఎవరిని పట్టుకోవాలో నిర్ణయించేది అతనా, క్వార్టర్‌బ్యాకా?

---

ఆరోరా శ్రీను | 2025 జనవరి 8

తమ్ముడూ, మంచి ప్రశ్న. అతను చూపించేది ఎదుటి జట్టు ముందు వరస వెనక నిలబడే మధ్య లైన్‌బ్యాకర్‌ని, మైక్ అంటారు. అతని నుంచి లెక్క మొదలుపెడితే ఎవరి వాటాకి ఎవరు వస్తారో అందరికీ తెలుస్తుంది. లైన్ కుడికి జరగాలా ఎడమకి జరగాలా అన్నది కూడా అక్కణ్ణుంచే. కొన్ని జట్లలో సెంటరే చెబుతాడు, కొన్నింట్లో క్వార్టర్‌బ్యాక్ మార్చగలడు. కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఉన్న చోట అనుభవం ఉన్న గట్టి సెంటర్ ఉంటే సగం టెన్షన్ పోతుంది. అందుకే నేను సెంటర్ దగ్గర ఇంత పట్టుబడుతున్నాను.

నాన్న గారూ, మీరు రాసింది చదివాక ఒప్పుకుంటున్నాను, నేను మనిషి మనిషికీ మార్కులు వేశాను, ఒకడి పక్కన ఇంకొకడు ఎలా ఆడాడో చూడలేదు.

---

సౌమ్య, షాంబర్గ్ | 2025 జనవరి 8

కోచ్‌ల మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకోవాలి. పేట్రియట్స్ మ్యాచ్ అయిన రెండు రోజులకి ఆట ప్లాన్ రాసే కోచ్ వాల్డ్రన్‌ని తీసేసి ఆ పని థామస్ బ్రౌన్‌కి ఇచ్చారు. వెంటనే తర్వాతి ఆదివారం ప్యాకర్స్ మీద అదే కేలబ్ 31లో 23 పాస్‌లు పూర్తి చేశాడు. బంతి గబగబా చేతిలోంచి వెళ్ళిపోయింది. లైన్ వారం రోజుల్లో మారదు కదా, ఆట రాసే తీరు మారింది. అంటే అంతకు ముందు రిసీవర్లు అంత దూరం పరిగెత్తే లోతు రూట్లు పెట్టి ఐదుగురితో కాపాడమనడం అన్యాయమే. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టుంది, కానీ పెద్ద పిడికెడు ఆ ప్లేబుక్‌ది.

థాంక్స్‌గివింగ్ రోజు లయన్స్‌తో ఆఖరి నిమిషంలో కూడా చూడండి. 23-20, ఫీల్డ్ గోల్ కొడితే సమం అయ్యే దూరం. అక్కడ సాక్ అయింది. అది లైన్ తప్పు సరే. చేతిలో టైమవుట్ ఉండి కూడా గడియారం అలా పోతుంటే బెంచ్ నుంచి ఎవరూ ఆపలేదు. మర్నాడే హెడ్ కోచ్ ఎబర్‌ఫ్లూస్‌ని తీసేశారు. నాకు ఆ ముప్పై సెకన్లు సీజన్ మొత్తం కంటే ఎక్కువ బాధ పెట్టాయి.

---

మిల్వాకీ మధు | 2025 జనవరి 8

నేను ప్యాకర్స్ అభిమానిని, అయినా గౌరవంతోనే రాస్తున్నాను. మీరందరూ పాస్ బ్లాకింగ్ గురించే మాట్లాడుతున్నారు. నవంబర్ 17న మేం 20-19తో గెలిచాం కదా, ఆఖరి క్షణంలో సాంటోస్ 46 గజాల కిక్‌ని కార్ల్ బ్రూక్స్ చెయ్యి పెట్టి ఆపాడు. అక్కడ కూడా మధ్యలోంచే తోసుకొచ్చాడు. కిక్ కాపాడే లైన్ వేరే యూనిట్ అయినా మధ్యలో బలం లేకపోవడం ఒకటే జబ్బు.

మా దగ్గర అలవాటేంటంటే లైన్‌మెన్‌ని నాలుగో రౌండ్‌లో, ఐదో రౌండ్‌లో తీసుకుని, ఏడాదో రెండేళ్ళో కూర్చోబెట్టి నేర్పించి, అప్పుడు దింపుతారు. డేవిడ్ బక్‌టియారీ నాలుగో రౌండ్ వాడే, అతన్నైతే మొదటి ఏడాదే దింపారనుకోండి. మీరు ప్రతి మార్చిలో కొత్తవాణ్ణి కొనుక్కొస్తారు, సెప్టెంబర్‌లో అతను పక్కవాడి పేరు నేర్చుకుంటూ ఉంటాడు.

---

సికాగో_సిద్దూ | 2025 జనవరి 8

ఎవరూ అమెగాజీ పేరు ఎత్తలేదేంటి? యేల్ నుంచి మూడో రౌండ్‌లో తెచ్చారు, మిన్నెసోటాలో సోమవారం రాత్రి దింపితే చూడలేకపోయాను. వరసగా అతని మీదుగానే వచ్చారు. ఆ పిక్ వృథా. ఇంకా డగ్ క్రేమర్ విషయం, వాషింగ్టన్ మ్యాచ్‌లో గోల్ గీతకి గజం దూరంలో ఉండి బంతిని లైన్‌మ్యాన్ చేతికివ్వడమేంటి? జారిపోయింది. ఆ తర్వాత ఆఖరి పాస్‌కి 18-15తో ఓడిపోయాం. అక్కణ్ణుంచే అంతా తిరగబడింది.

---

లైన్‌మ్యాన్ నాన్న | 2025 జనవరి 9

సిద్దూ, క్రేమర్‌ని మాత్రం అనొద్దు. బంతి మోయడం అతని పని కాదు. ఎవరో ప్లాన్ వేశారు, అతను వెళ్ళి నిలబడ్డాడు.

అమెగాజీ గురించి అంతకంటే గట్టిగా చెబుతాను. అతనికి అది కెరీర్‌లో మొదటి స్టార్ట్. ఎదుట బ్రయన్ ఫ్లోరెస్ డిఫెన్స్, లీగ్‌లో అందరికంటే ఎక్కువగా అటునుంచీ ఇటునుంచీ మనుషుల్ని పంపే కోచ్. పైకప్పున్న స్టేడియం, చెవులు పగిలే అరుపులు, స్నాప్ పిలుపు వినపడదు, కాబట్టి బంతి కదిలాకే నువ్వు కదలాలి, అవతలివాడు అప్పటికే అడుగు ముందున్నాడు. అలాంటి చోట కొత్త కుర్రాడి పక్కన టైట్ ఎండ్‌నో రన్నింగ్ బ్యాక్‌నో సాయం పెడతారు ఎవరైనా. చాలా ప్లేల్లో ఒంటరిగా వదిలేశారు. ఆ రాత్రి మావాడు నా పక్కనే కూర్చుని చూస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క మ్యాచ్ చూసి ఆ పిల్లాడి మీద తీర్పు రాసేయకండి.

---

సికాగో_సిద్దూ | 2025 జనవరి 9

సరే అంకుల్, వృథా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోపంలో రాశాను. కానీ 49ఎర్స్ మీద మొదటి సగంలో మొత్తం 4 గజాలు, సియాటెల్ మీద సొంత ఊళ్ళో 6-3, ఆ రోజు కూడా 7 సాక్‌లు. ఎన్నాళ్ళని ఓపిక పట్టాలి?

---

ఆరోరా శ్రీను | 2025 జనవరి 21

బెన్ జాన్సన్ హెడ్ కోచ్! డెట్రాయిట్‌లో సూవెల్, రాగ్నో, డెకర్ లాంటి లైన్ ముందు పెట్టుకుని ఆట రాసిన మనిషి. అలాంటి లైన్ లేకుండా ఎలా రాస్తాడో మనకు తెలియదు, అతనికీ తెలియదేమో. కాబట్టి ముందు దాన్నే అడుగుతాడని నా నమ్మకం.

---

హ్యూస్టన్ రవి | 2025 ఫిబ్రవరి 10

నిన్న సూపర్ బౌల్ చూశారా? 40-22. కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ 6 సార్లు పడ్డాడు. గెలిచిన ఈగల్స్ ఒక్కసారి కూడా బ్లిట్జ్ (నలుగురికి మించి మనుషుల్ని) పంపలేదు, నలుగురితోనే పని కానిచ్చారు. లీగ్‌లో అందరికంటే గొప్ప క్వార్టర్‌బ్యాక్ కూడా లైన్ విరిగితే అంతే. సౌమ్య గారూ, ఇది మీకోసమే రాస్తున్నాను, వాదన కోసం కాదు.

---

సౌమ్య, షాంబర్గ్ | 2025 ఫిబ్రవరి 10

చూశాను రవి గారూ. కాన్సాస్ సిటీ వాళ్ళు గార్డ్ అయిన జో తూనీని లెఫ్ట్ టాకిల్‌లో ఆడించాల్సొచ్చింది. మహోమ్స్ కూడా కొన్ని పట్టుకునే ఉన్నాడు, అది మాత్రం వదిలిపెట్టను.

---

ఆరోరా శ్రీను | 2025 మార్చి 13

అదే తూనీ ఇప్పుడు మనవాడు! 2026 నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చారు. నాలుగు సూపర్ బౌల్ ఉంగరాలున్న మనిషి. రామ్స్ నుంచి జోనా జాక్సన్, డెట్రాయిట్‌లో జాన్సన్ దగ్గర ఆడినవాడే. సెంటర్‌గా అట్లాంటా నుంచి డ్రూ డాల్మన్, మూడేళ్ళకి 42 మిలియన్లు. మధ్యలో ముగ్గురినీ ఒక్క వారంలో మార్చేశారు. జనవరిలో నేను రాసింది ఇదే కదా అని గర్వంగా ఉంది, అదే సమయంలో మధు గారు రాసిన మాట కూడా గుర్తొస్తోంది, ప్రతి మార్చిలో కొనుక్కొస్తారని.

---

లైన్‌మ్యాన్ నాన్న | 2025 మార్చి 14

డాల్మన్ పెద్ద మనిషి కాదు, కానీ అడుగులు చురుకు, బుర్ర ఉంది. కుర్ర క్వార్టర్‌బ్యాక్‌కి అదే కావాలి. ఒక్కటే కోరిక, ఆగస్టు నుంచి ఈ ఐదుగురినీ కదపకుండా పక్కపక్కనే ఉంచండి. తొలి నాలుగు వారాలు తప్పులు జరుగుతాయి, అప్పుడు గోల చేయొద్దు.

---

సికాగో_సిద్దూ | 2026 జనవరి 6

11-6, డివిజన్ మనదే. ఈ పేజీ వెతుక్కుని మరీ వచ్చాను. కేలబ్ మీద సాక్‌లు 68 నుంచి 24! అంకుల్, మీరు చెప్పినట్టే మొదట్లో గోల చేయలేదు, ఒట్టు.

---

సౌమ్య, షాంబర్గ్ | 2026 జనవరి 6

ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. లైన్ బాగుపడింది, అది కళ్ళకి కనిపిస్తోంది. అయితే కేలబ్ బంతిని బయటికి పారేయడం నేర్చుకున్నాడు కూడా. పూర్తయిన పాస్‌ల శాతం తక్కువుందని తిట్టేవాళ్ళు, ఆ పోయిన పాస్‌ల్లో ఎన్ని నిరుడైతే సాక్‌లయ్యేవో చూడండి.

---

లైన్‌మ్యాన్ నాన్న | 2026 జనవరి 7

నిజమే అమ్మా. మావాడు ఈ ఏడాది కాలేజీకి వెళ్ళాడు, ఇప్పుడు మ్యాచ్ మధ్యలో ఫోన్ చేసి "నాన్నా, తూనీ చేతులు చూశావా" అంటాడు.

కానీ ఎడమ చివర ఇంకా కుదరలేదు. జోన్స్‌తో మొదలుపెట్టాం, తర్వాత బెనెడెట్ వచ్చాడు, ఆ తర్వాత రెండో రౌండ్ కుర్రాడు ట్రపిలో. తూనీ పక్కన ఉన్నాడు కాబట్టి ఎవరొచ్చినా లాక్కొచ్చాడు, అతనికి ముప్పై మూడేళ్ళు. శనివారం ప్యాకర్స్‌తో మళ్ళీ ఆడాలి, మధు గారి వాళ్ళు ముందుగా అటువైపే వస్తారు. ఆ కుర్రాడి మొదటి అడుగు చూడండి, అందరూ బంతిని చూస్తారు, మీరు మాత్రం అతని ఎడమ కాలు చూడండి.